తల్లి యొడి చికిత్సాలయము కావలెనా?

చికిత్సకురాలు: టీచరుగారూ, మీరు నాపై మోపదలచిన నేరమేదో నాకు తెలియును గనుక నా పక్షమును ముందుగానే విన్నవించుకొందును. సెరిబ్రల్ పాల్సీ యను ఈ స్థితిని గూర్చి విలియం జాన్ లిటిల్ అను ఆంగ్లవైద్యుడు 1861లో లండను ప్రసూతివైద్య సంఘము నెదుట వ్యాసము చదివిన నాటినుండి నేటివరకును, శిశువు మెదడునకు తగిలిన ఆ గాయమును మాన్పగల యౌషధము లోకమున పుట్టలేదు. గాయము పెరుగదు, పెరుగునది బిడ్డ. ఎముక సాగుచుండగా బిగిసిన కండరము దానితోపాటు సాగజాలదు. అందువలన మడమ నేలకు ఆనదు, కాళ్లు కత్తెరవలె అడ్డుపడును, కొందరికి తుంటికీలు గూటినుండి, మొదట నొప్పియైనను తెలియనీయక, సంవత్సరములమీద జారిపోవును. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు బిడ్డలను పరిశీలించి 2006లో ప్రకటించిన లెక్కలో నూటికి ముప్పదియైదుగురికి తుంటి తొలగినది. స్వయముగా నడువగల మొదటి తరగతివారిలో ఒక్కరికిని లేదు, మెడయైనను సరిగా నిలుపలేని ఐదవ తరగతివారిలో నూటికి తొంబదిమందికి కలదు. ఇట్టి బిడ్డను నేను వారమున కొకటి రెండుమారులు ముప్పావుగంట చూతును. తక్కిన కాలమంతయు బిడ్డ మీయొద్దనే యుండును. ఇంటివద్ద మీరు చేయింపవలెనని నేను చెప్పుట నా సౌకర్యముకొరకు కాదు. కాలమే నాచేత చెప్పించుచున్నది.

తల్లి: డాక్టరమ్మగారూ, మీ లెక్కలతో నాకు తగవులేదు, ఆ లెక్కలో నన్ను ఏ గడిలో వేసితిరని మాత్రమే నా ప్రశ్న. మా యిండ్లలో అమ్మమ్మయో నాయనమ్మయో పీటమీద కాళ్లు చాచి కూర్చుండి, పసిబిడ్డను ఆ కాళ్లమీద పరుండబెట్టుకొని, ఒడలికి నూనె పట్టించి, కాలుసేతులు సాగదీసి, సున్నిపిండితో నలిచి నీళ్లు పోయుదురు. ఆ బిడ్డయు ఏడ్చును. ఏడ్చి, సాంబ్రాణి పొగ తగులగనే నిద్రపోవును. ఆ చేతులకు ఎవ్వరును పరీక్ష పెట్టరు. పుట్టగానే ఏడువలేదని వైద్యులు చెప్పిన మా పిల్లవానికి మెడ నిలువదని ఆరవ మాసమున తేలినది మొదలు నా చేతులు వేరైపోయినవి. ఎన్నిమారులు చేయించితిరి, ఎంతసేపు పట్టి యుంచితిరి, మడమ ఎంతవరకు వంగినది అని వారము వారము ప్రశ్న. నేను చేయి వేయగనే వాడు ఒడలు బిగించెడివాడు. అది స్పాస్టిసిటీ యని మీరందురు, కావచ్చును. నా చేతిని గుర్తుపట్టుటయు కావచ్చును. బిడ్డకు లోకమున భయము లేని చోటు ఒక్కటి యుండవలెను గదా. ఆ చోటును మీరు మీ చికిత్సాలయమునకు శాఖగా మార్చితిరి.

చికిత్సకురాలు: బడిలో మొదటిదినమున ఏడ్చుచు వచ్చిన పిల్లవానిని మీ రెప్పుడైనను వాకిటినుండియే తిప్పి పంపితిరా? పంపలేదు. చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోయితిరి. వానికి నేడు తెలియని మేలు మీకు తెలియునని నమ్మితిరి. నేను చేయుచున్నదియు అంతియే.

తల్లి: బడికి ఏడ్చువాడు కొలదిదినములలో మానును, మానకున్నచో తప్పు బడిలో వెదకవలెనని మాకు శిక్షణలోనే చెప్పుదురు. అంతకంటె ముఖ్యమైన భేదము వేరొకటి. బడికి ఇంటిగంట కలదు. ఆ గంట మ్రోగినంతనే గురువు గురువు కాదు, పిల్లవాడు పిల్లవాడే. మీ చికిత్సకు ఇంటిగంట యెక్కడ? వాడు కూర్చుండిన తీరు తప్పు, మోకాళ్లు లోపలికి మడిచి కూర్చుండరాదు. చెంచా పట్టిన తీరు తప్పు, మణికట్టు త్రిప్పవలెను. నిదురించునప్పుడుసహా కాళ్లకు ఆ ప్లాస్టికు చట్టములు. ఆడుకొను హక్కు బిడ్డకు కలదని ఐక్యరాజ్యసమితివారు 1989 నాటి ఒడంబడికలో ముప్పదియొకటవ అధికరణముగా వ్రాసికొనిరి. మన దేశమును 1992లో దానికి సమ్మతించినది. మా యింట ఆట యన్నది ఎక్సర్‌సైజుల నడుమ మిగిలిన సందుగా నుండెను.

చికిత్సకురాలు: ఇందులో కొంత నేనొప్పుకొనవలసినది కలదు. ఏడుపులో నొప్పి వేరు, అలసట వేరు, ధిక్కారము వేరు. ఆ మూటిని వేరుచేసి వినుట నేర్చుకొనుటకు నాకు చాలకాలము పట్టినది. మా విద్యలో ఈ తగవు పాతది. బెర్లినునుండి లండనునకు తరలివచ్చిన కారెల్, బెర్టా బోబాత్ దంపతులు 1951లో అచట కేంద్రమును నెలకొల్పి, బిడ్డ దేహమును బలముతో లొంగదీయరాదు, చేతితో దారి చూపవలెనని బోధించిరి. చెకొస్లొవాకియానుండి జర్మనీకి వచ్చిన వాత్స్లావ్ వోయ్టా, దేహమున కొన్ని తావులను ఒత్తి పట్టినచో లోపలి కదలిక మేల్కొనునని చెప్పి, దినమునకు పలుమారులు తలిదండ్రులే అట్లు చేయవలెనని నియమించెను. బిడ్డలు గొల్లున ఏడ్చెడివారు. అది శ్రమవలన వచ్చిన యేడుపే గాని నొప్పివలన కాదని ఆయన శిష్యులు నేటికిని చెప్పుదురు. నేను మొదటి మార్గమున శిక్షణ పొందినదానను. అయితే ఐయోనా నోవాక్ మొదలగువారు 2013లో ఈ చికిత్సలన్నిటిని త్రాసులో వేసి చూచినపుడు, చికిత్సకుని చేతులే పనిచేసి బిడ్డ ఊరక పడియుండు పాతరీతి బోబాత్ పద్ధతికి ఆధారము చాలలేదని తేలినది. కండరమును చేతితో సాగదీయుటవలన కీలు కదలికలో చెప్పుకోదగిన మేలు కనబడలేదని 2017 నాటి కాక్రేన్ సమీక్షయు చెప్పుచున్నది. నా విద్యను నేనే తక్కువ చేసికొనుచున్నానని నాతోడివారు కోపింపవచ్చును. కాని దాచుట తగదు.

తల్లి: అట్లయిన, మేము సాగదీసిన ఆ సంవత్సరములకు జవాబుదారి యెవరు? ఊరక అడుగుటలేదు. ఇంటి వ్యాయామమన్న ఏర్పాటులో ఒక చిక్కు కలదు: ఫలించినచో చికిత్స గొప్పది, ఫలింపకున్నచో తల్లి సరిగా చేయింపలేదు. సదరం శిబిరమున వైకల్యశాతము వేసిన కాగితము తెచ్చిన దినమున మా యత్తగారు దానిని నా పరీక్షఫలితమువలె చూచినది. తండ్రిని ఎవ్వరును అడుగరు. ఆయన ఉద్యోగమునకు పోవలెను గదా. నేను సెలవు పెట్టవలెను, నేను జీతము కోల్పోవలెను, నేనే బెదరించి కాలు వంపవలెను. సాయంకాలము ఆయన చాక్లెట్టు తెచ్చి మంచివాడగును.

చికిత్సకురాలు: ఆ నింద మా నోటనుండియు వెడలుచుండునని నే నెరుగుదును. "ఇంట్లో చేయిస్తున్నారా?" అన్న మా ప్రశ్నలోనే అది దాగియున్నది. కాని ఆ కాక్రేన్ సమీక్ష చూచిన పరిశీలనలు ఏడునెలలకు లోపటివి. నా యొద్దకు వచ్చు బిడ్డ పదునెనిమిదేండ్లు పెరుగును. అన్నియు విడిచిపెట్టి, పదునొకండవ యేట ఒక్కసారిగా ఎత్తు సాగిన పిమ్మట, మోకాళ్లు వంగి నిలువలేక మరల వచ్చిన పిల్లలను నేను చూచినాను. వారి తల్లులు అపుడు నన్ను అడుగు ప్రశ్న మీ ప్రశ్నకు తలక్రిందులు: ముందే ఏల గట్టిగా చెప్పలేదు? ఆ ప్రశ్నకు జవాబు మీరు చెప్పుడు. మరియు ఇంటివద్ద చేయుట అంతయు వ్యర్థమని ఏ పరిశోధనయు చెప్పలేదు. 2009లో నోవాక్ బృందమే ముప్పదియారుగురు బిడ్డలతో చూడగా, కుటుంబమువారు తామే కోరుకొన్న పనిని లక్ష్యముగా పెట్టుకొని ఎనిమిది వారములు ఇంట సాధన చేయించినపుడు చేతిపనులలో మేలు కలిగినది. సాగదీయుట వేరు, సాధన వేరు.

తల్లి: ముందు తుంటిలెక్క చెప్పి భయపెట్టితిరి, ఆ తుంటి జారుటను మీ వ్యాయామము ఆపునా?

చికిత్సకురాలు: ఆపదు. ఆపునని చెప్పినచో అబద్ధమగును. ఆపునది సకాలమున తీసిన ఎక్స్‌రే, సకాలమున చేసిన శస్త్రచికిత్స. కాని ఆ కాలము వచ్చినదని చూడగల కన్ను ఒకటి ఉండవలెను గదా! దక్షిణ స్వీడనులో 1994లో ఒక యేర్పాటు మొదలిడిరి. ప్రతి బిడ్డను ఫిజియోథెరపిస్టు నియతకాలములలో కొలిచి, ఎక్స్‌రేలు తీయించి, వివరములన్నియు ఒకే చోట వ్రాయింపగా, తుంటి పూర్తిగా ఊడిపోవుట ఆ ప్రాంతమున దాదాపు మాయమైనది. నిపుణులకు బిడ్డను చూపించుట మానినవారు వ్యాయామమునే గాక ఆ కన్నును గూడ పోగొట్టుకొందురు.

తల్లి: ఆ కన్నును నేను కాదనుటలేదు, చేతినే కాదనుచున్నాను. ఆ రెంటిని మీరు ఒకటిగా కట్టి అమ్ముచున్నారు. ఇక ఆశ సంగతి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున 657 మంది బిడ్డలను కొన్నేండ్లు వెంబడించి, పీటర్ రోసెన్‌బామ్ ప్రభృతులు 2002లో ప్రకటించిన వక్రరేఖలు మీ గోడమీదనే తగిలించియున్నవి. ఏ తరగతి బిడ్డయైనను తాను పొందగల చలనశక్తిలో నూటికి తొంబదివంతులు ఐదేండ్లలోపుననే పొందునని అవి చెప్పుచున్నవి గదా. మా వానికి తొమ్మిదేండ్లు వచ్చినప్పటికిని మేము చూపించిన చోటనెల్ల "ఇంకొక ఆరునెలలు చూతము" అన్న మాటయే. ఏ ఒక్కరును ఆ రేఖమీద వ్రేలు పెట్టి, అమ్మా, మీ బిడ్డ యున్నది ఇచట, అని చెప్పలేదు.

చికిత్సకురాలు: ఆ రేఖలనే చూచి నేను తొందరపడుదును: కాలము ఐదేండ్లే గనుక ఆ ఐదేండ్లు గట్టిగా పట్టుకొందము. మీరు అవే రేఖలను చూచి విశ్రాంతి కోరుచున్నారు. రెండును ఆ కాగితమునుండియే వచ్చుచున్నవి! ఇక చెప్పకపోవుట సంగతి: రెండేండ్లలోపు వేసిన తరగతి తరువాత మారవచ్చును, తొందరపడి చెప్పిన మాట తప్పినచో బిడ్డ అవకాశమును మేమే తెగగొట్టినవారమగుదుము. అదియు గాక, నడువడు అని స్పష్టముగా చెప్పించుకొన్న కుటుంబము మరునాడు ఎచటికి పోవునో మీ రెరుగరా? మూలకణముల పేర లక్షలు గుంజువారి గుమ్మములోనికి. 1986లో బి.బి.సి. వారు బుడాపెస్టులో ఇట్టి బిడ్డలకు శిక్షణ నిచ్చు పెటో సంస్థను గూర్చి చిత్రము చూపగా, ఉచితవైద్యము గల ఇంగ్లండు తలిదండ్రులే బిడ్డల నెత్తుకొని హంగరీకి పరుగెత్తిరి. అబద్ధమైన ఆశ ఇయ్యరాదు, నిజమే; కాని నిజము చెప్పి చేయి విడిచిపెట్టుటయు క్రూరమే. ఆ రెంటి నడుమ "ఆరునెలలు" అన్న పిరికిమాట పుట్టినది. పిరికిదని ఒప్పుకొందును.

తల్లి: పిరికిమాటకు మేము బస్సుచార్జీలు పెట్టితిమి.

చికిత్సకురాలు: బస్సు మాట మీరే యెత్తితిరి గనుక చెప్పుచున్నాను. చికిత్స మితిమీరినదని వాదించుటకు ముందు చికిత్స దొరకియుండవలెను. 2013లో కేంద్రము రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమును మొదలిడి జిల్లాకొక సత్వర చికిత్సాకేంద్రము ఉండవలెనన్నది. మండలములలో భవితకేంద్రములు కలవు. అచటికి ఫిజియోథెరపిస్టు వచ్చుట వారమున కొకమారు, అదియు వచ్చిన వారమున. కూలి మానుకొని, ఎదిగిన పిల్లవానిని చంకనెత్తుకొని ఆటోదిగు తల్లికి మీ బాధ విలాసముగా తోచును. అట్టి తల్లి చేతిలో నేను పెట్టగలది ఇంటి వ్యాయామము తప్ప మరేమున్నది? అది తీసివేసినచో ఆ బిడ్డకు మిగులునది శూన్యము. చెన్నైలో 1985లో విద్యాసాగర్ అను సంస్థకు పునాది వేసిన పూనమ్ నటరాజన్, బొంబాయిలో 1972లో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించిన మిథూ అలూర్, ఇరువురును ఇట్టి బిడ్డల తల్లులే. ఎవరో వచ్చి చేయుదురని వారు కూర్చుండలేదు.

తల్లి: నా బాధ పట్టణపు బాధ యని ఒప్పుకొనుచున్నాను, ఆ ఆటోతల్లి యెదుట నోరెత్తుటకు నాకు సిగ్గగును. కాని మీరు పేర్కొన్న ఆ ఇరువురు తల్లులు ఏమి స్థాపించిరో చూడుడు: బిడ్డలను బడిలో కూర్చుండబెట్టు తావులు, చదువును చికిత్సను ఒకే కప్పు క్రిందికి తెచ్చిన తావులు. తల్లులకు భారము తగ్గించిరే గాని తల్లులను జీతములేని సహాయకులుగా నియమింపలేదు. వారమున కొకమారు వచ్చు నిపుణుడు ఆ కొంతసేపును తల్లికి పది వ్యాయామములు నేర్పుటలో గడుపవలెనా, బడిలో వానికి తగిన కుర్చీ, బల్ల అమర్చుటలో గడుపవలెనా? ఇది బీదతల్లికే మరింత గట్టి ప్రశ్న.

చికిత్సకురాలు: వ్యాయామము ఏడుపుగానే యుండనక్కరలేదు. మన కాళ్ళాగజ్జె ఆటనే చూడుడు. పిల్లలందరు వరుసగా కాళ్లు చాచి కూర్చుండవలెను. పాట ఆగినచోటి కాలు ముడువవలెను. తొడవెనుక కండరము బిగిసిన బిడ్డకు కాళ్లు చాచి నిటారుగా కూర్చుండుటయే మిక్కిలి కష్టమైన పని. నేను పట్టి కూర్చుండబెట్టినచో అర నిమిషమునకే వెనుకకు వాలిపోవువాడు, చెల్లెలి కాలు ప్రక్కన తన కాలు పెట్టి, తన వంతు వచ్చువరకు కూర్చుండుటను నేను చూచినాను. మా పుస్తకములలో లేని ఉపాయమది.

తల్లి: మేమును ఆడితిమి. మొదట నవ్వుచు ఆడెను. పిమ్మట మీవంటివారొకరు, పేరు చెప్పను, "ఈ యాట దినమునకు రెండుమారులు, ఇరువది నిమిషములు" అని కాగితముమీద వ్రాసి యిచ్చిరి. అటుతరువాత పాట ఎత్తుకొనగనే వాడు మోకాళ్లు ముడుచుకొనెడివాడు. పిల్లలకు మందువాసన తెలియును, డాక్టరమ్మగారూ. చెల్లెలునుకూడ ఆ యాటను మానినది.

చికిత్సకురాలు: దానికి నా యొద్ద బదులు లేదు.

తల్లి: నేనును ఒక ప్రయోగము మీకు చెప్పుదును. మేరీ లా బృందము 2011లో ప్రకటించినది. 128 మంది చిన్నబిడ్డలను రెండు జట్లు చేసి, ఒక జట్టున బిడ్డ దేహములోని లోపమును సరిచేయజూచిరి. రెండవ జట్టున బిడ్డను ముట్టక, పనినో పరిసరమునో మార్చిరి. ఆరునెలల పిమ్మట రెండుజట్లును ముందుకు సాగినవి, వానిలో భేదము లేదు. ఫలము సమానమైనపుడు నేను బిడ్డను ఏల వంపవలెను? గడపను ఏల తీసివేయరాదు? మా వానికి చక్రముల కుర్చీ కొన్న నాడు మీరు మొగము చిన్నబుచ్చుకొంటిరి. వాడు మాత్రము ఆనాడే విరామసమయమున మైదానమునకు చేరినాడు. అంతకుముందు వాకరుతో వాడు వరండా దాటునప్పటికి గంట కొట్టెడివారు.

చికిత్సకురాలు: చిన్నబుచ్చుకొన్నమాట నిజమే, కారణము వినుడు. గడపను మీ యింట తీసివేయగలరు. బంధువుల యింట? బస్సుమెట్లు? రైలుపెట్టెలోని మరుగుదొడ్డి? కల్యాణమండపమునకు పదిమెట్లు కట్టి ప్రక్కన వాలుబాట కట్టని ఊళ్లు మనవి. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. మెట్లు అట్లే యున్నవి. మంచమునుండి లేచి, గోడ పట్టుకొని, నాలుగడుగులు వేసి స్నానాలగదికి పోగలుగుట యన్నది పరుగుపందెము కాదు, మానము. ఆడపిల్ల పెద్దమనిషి యైన పిమ్మట ఆ నాలుగడుగుల విలువ ఎంతటిదో తల్లులు నాకు చెప్పిన మాటలను మీకు చెప్పలేను. కుర్చీలో కూర్చుండుట వద్దనను. కుర్చీ వచ్చినదని నిలుచుట మానినచో ఆ నాలుగడుగులు మెల్లగా పోవును. నలుబది కిలోల పిల్లవానిని ఎత్తు తల్లినడుము గూర్చి మీరే చెప్పవలెను.

తల్లి: చెప్పుటకేమున్నది! బెల్టు కట్టుకొని బడికి పోవుచున్నాను. మా తరువాత వీనిని ఎత్తువా రెవరన్న ప్రశ్న మాకు ప్రతిరాత్రియు వచ్చును. మీ నాలుగడుగుల వాదము ఆ ప్రశ్ననుండి బలము తెచ్చుకొనుచున్నది గనుకనే నేను దానిని త్రోసిపుచ్చలేకున్నాను. అయితే ఒకటి. ఇంతసేపు మీ పక్షము, నా పక్షము అని వాదించుకొంటిమి. కాలు మన యిరువురిదియు కాదు. వానికి పదునొకండేండ్లు వచ్చినవి, తెలుగున మంచి మార్కులు తెచ్చుకొనుచున్నాడు, నిన్న బూట్లు తొడుగుచుండగా "ఇది ఎప్పటిదాకా?" అని అడిగినాడు. వచ్చు వేసవిలో మోకాలి వెనుక శస్త్రచికిత్స, దాని తరువాత నెలల తరబడి వ్యాయామము అని మీరును ఎముకల డాక్టరుగారును నిశ్చయించితిరి. నేను వానిని అడుగదలచితిని.

చికిత్సకురాలు: పదునొకండేండ్లవాడు ఇరువదవయేటి నొప్పిని ఎట్లు ఊహింపగలడు? కత్తియనగనే వద్దనును.

తల్లి: ఊహింపలేడు. నేనును పెండ్లినాడు ఈ జీవితమును ఊహింపలేదు. ఊహింపలేడన్న కారణమున వానిని అడుగకయే నిర్ణయించుటకు నాకు మనసొప్పదు. అడుగుటకు ముందు ఆ ఎక్స్‌రేను మీరు వానికి చూపి, నాకు చెప్పిన తీరున కాక, వానికి తెలియు తీరున చెప్పవలెను. నొప్పి ఎంతకాలమో దాచరాదు.

చికిత్సకురాలు: చూపుదును, దాచను. మీరు అడుగునపుడు నేను ప్రక్కన ఉందును, నా మాటయు వాడు వినవలెను. కాని టీచరుగారూ, వాడు వద్దన్నచో నేను ఊరకుందునని మాత్రము ఇప్పుడే మాట ఇయ్యజాలను.

తల్లి: వాడు సరేయన్నచో నేను మరల ఆ కాలు పట్టుకొని వంపుదునని నేనును ఇయ్యజాలను. ఆ పనికి మీరు వేరొకరిని చూడవలసియుండును.